రైతు డబ్బులు మన కొండకి ఎందుకు ఆలస్యంగా ఎక్కాయి

పోస్టు కొంచెం పెద్దది. కరెంటు ఉన్నప్పుడు, నెట్ ఉన్నప్పుడు తీరిగ్గా చదవండి.

2025 ఆగస్టు 2న అన్నదాత సుఖీభవ మొదటి విడత పడింది గుర్తుందా? రాష్ట్రం 5,000, కేంద్రం పీఎం కిసాన్ 2,000, మొత్తం 7,000. ఆ రోజు శనివారం. మా హాస్టల్ రూములో ఆరుగురం ఉన్నాం, అందరం రైతుల పిల్లలమే, అందరి ఇళ్ళల్లోనూ పోడో, జీడితోటో, గెడ్డ పక్కన కాస్త పల్లం మడో ఉంది. పొద్దున్నుంచి ఇంటికి ఫోన్లు చేసి అడుగుతున్నాం, పడ్డాయా అని. సాయంత్రానికి ఇద్దరిళ్ళకే పడ్డాయి. మిగతా నలుగురికీ నాలుగు కారణాలు. ఒకరికి బ్యాంకు ఖాతాకి ఆధార్ లింకు తెగిపోయింది. ఒకరికి భూమి కౌలుది. ఒకరి భూమి అడవి లెక్కలో ఉంది, పట్టా రాలేదు. మా ఇంట్లో పట్టా ఉంది గానీ, అది చనిపోయిన తాత పేరున ఉంది.

ఆ రాత్రి మేము వాదించుకున్నది రాజకీయం కాదు. ఆరుగురిలో దున్నని ఇల్లు ఒక్కటీ లేదు, మరి ఇద్దరికే ఎందుకొచ్చింది? తర్వాత రెండు నెలలు కాలేజీ లైబ్రరీలో, పెద్దవాళ్ళ దగ్గర వెతికి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం. తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటాం.

మొదట పాత సంగతి. మన సీతంపేట, పాలకొండ వైపు కొండలు ఒకప్పుడు పాలకొండ జమీందారీ కింద ఉండేవి. కురుపాం, మేరంగి, పాచిపెంట, సాలూరు వేర్వేరు జమీందార్లవి. పాలకొండ జమీందారీని కంపెనీ ప్రభుత్వం లాక్కుని, తర్వాత మద్రాసులో ఉండే అర్బత్‌నాట్ కంపెనీకి కౌలుకి ఇచ్చింది. మన తాతల తాతలు చోడి, సామ చల్లుకున్న కొండకి కాగితం మీద కౌలుదారు ఒక తెల్లోళ్ళ వ్యాపార కంపెనీ! 1839లో గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలకి వేరే చట్టం చేసి కలెక్టరుకే ఏజెంటు అని పేరు పెట్టారు. ఏజెన్సీ అన్న మాట అక్కడి నుంచే వచ్చింది. వేరే చట్టం చేశారు గానీ, ఏ కొండని ఎవరు సాగు చేస్తున్నారో పేరు పేరునా రాసుకోలేదు. జమీందారుకి శిస్తు ముట్టితే చాలు, రాసుకోవాల్సిన పని వాళ్ళకి లేదు.

రైతుకి ప్రభుత్వం డబ్బివ్వడం కొత్త విషయం అనుకుంటాం. కాదు. బ్రిటిష్ వాళ్ళ కాలంలోనే తకావీ అప్పులు ఉండేవి. 1883లో భూమి బాగు చేసుకోవడానికి అప్పుల చట్టం, 1884లో రైతుల అప్పుల చట్టం వచ్చాయి. ఎద్దులు కొనుక్కోవడానికి, విత్తనాలకి, బావి తవ్వుకోవడానికి తక్కువ వడ్డీకి ప్రభుత్వమే ఇచ్చేది. కానీ హామీగా భూమి చూపించాలి, లేదా భూమి ఉన్న మనిషి జామీను ఉండాలి. కొండమీద చూపించడానికి ఏముంది? అదే సమయంలో, 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. ఒక చట్టం రైతుకి అప్పిస్తానంటే ఇంకో చట్టం అడవిలో దున్నితే నేరమంటోంది. ఈ రెండు చట్టాల మధ్య రెండేళ్ళు కూడా తేడా లేదు.

సర్కారు అప్పు అందనివాడికి సావుకారు అప్పు దొరికింది. ఇది మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిన కథే. ఆషాఢం, శ్రావణం నెలల్లో ఇంట్లో గింజ ఉండదు. అప్పుడు సావుకారు రెండు కుంచాల చోళ్ళు ఇస్తాడు, పంటొచ్చాక నాలుగు కుంచాలు కొలవాలి, లేదంటే చింతపండు ఇవ్వాలి. కొలత వాడిదే, లెక్క వాడిదే. తీర్చలేకపోతే గెడ్డ పక్క పల్లం వాడిదవుతుంది, కొడుకు వాడింట్లో పాలేరవుతాడు. ప్రభుత్వానికి ఇదంతా తెలియక కాదు. 1917లోనే ఏజెన్సీ భూ బదలాయింపు చట్టం చేశారు. కొండ మనిషి భూమి కొండ మనిషి కానివాడికి వెళ్ళాలంటే ఏజెంటు అనుమతి ఉండాలన్నారు. స్వతంత్రం వచ్చాక 1959లో మళ్ళీ రెగ్యులేషన్ చేశారు. 1960లో వడ్డీ వ్యాపారుల మీద ఇంకోటి. కాగితాల మీద చట్టాలకేం తక్కువ లేదు.

అవి అమలైతే లేవిడి జరిగేది కాదు. వెంపటాపు సత్యం మాస్టారు, ఆదిభట్ల కైలాసం మాస్టారు, ఇద్దరూ బడిపంతుళ్ళే, గిరిజన సంఘం పేరుతో మన ఊళ్ళల్లో పనిచేశారు. పాలేర్ల కూలి పెంచాలి, సావుకార్లు తాకట్టు పెట్టుకున్న భూములు తిరిగివ్వాలి, పోడుకి అడవి వాళ్ళ వేధింపులు పోవాలి అన్నవే వాళ్ళ డిమాండ్లు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్ సభకి వెళ్తున్నవాళ్ళ మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. తర్వాత ఉద్యమం ఎలా మారిందో, 1970 జులై 10న ఇద్దరు మాస్టార్లూ ఎలా చనిపోయారో గ్రూపులో చాలామంది చాలాసార్లు రాశారు, మేము మళ్ళీ రాయం. సాయుధ పోరాటం మంచిదా చెడ్డదా అన్న వాదన కూడా ఈ పోస్టులో పెట్టకండి. మాకు కావలసింది తేదీలు.

1970 ఫిబ్రవరి 3. మనం వన్ ఆఫ్ సెవెంటీ అనే చట్టం అమల్లోకి వచ్చిన రోజు. 1959 రెగ్యులేషన్‌ని గట్టిగా చేశారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి మొదట గిరిజనుడిదేనని అనుకోవాలి, కాదని వాడే రుజువు చేసుకోవాలి అన్నారు. లేవిడికి, దీనికి మధ్య ఉన్నది రెండేళ్ళ మూడు నెలలు. ముఠాలు, మహళ్ళు రద్దు చేసి రైత్వారీ పట్టాలివ్వడానికి రెగ్యులేషన్లు కూడా ఆ 1969, 1970లలోనే వచ్చాయి. అంటే ప్రభుత్వం మనల్ని పేరు పేరునా రాసుకోవడం అప్పుడు మొదలుపెట్టింది, అదీ అంత రక్తం కారాక.

అందులోనూ పల్లానికే పట్టాలొచ్చాయి. ఏటవాలు కొండ, పోడు చాలా చోట్ల సర్వేకి ఎక్కలేదు. ఎందుకంటే ఇంకోపక్క అడవి కొలత జరుగుతోంది. 1967 అటవీ చట్టం ప్రకారం సెక్షన్ 4 కింద గెజిట్‌లో ప్రకటన వేస్తారు, అభ్యంతరం ఉన్నవాళ్ళు దరఖాస్తు పెట్టుకోవాలి, ఆఖరికి సెక్షన్ 15 కింద రిజర్వు అడవి అయిపోతుంది. మన తాతలకి సవర మాట్లాడడం వచ్చు, జాతాపు పెద్దలకి తెలుగు మాట్లాడడం వచ్చు. గెజిట్ చదివి గడువులోపల దరఖాస్తు పెట్టే మనిషి ఊళ్ళో ఒక్కడూ లేడు. పోడు అలాగే ఉంది, దాని పేరు మారిపోయింది. పొద్దున్న రైతుగా కొండెక్కిన మనిషి సాయంత్రానికి ఆక్రమణదారు.

ఇక్కడి నుంచి ప్రభుత్వం రైతులకిచ్చిన ప్రతి సాయాన్నీ మన కొండమీద నిలబడి చూడండి. ఎరువుల సబ్సిడీ దేశమంతా వేల కోట్లు, మన పోడులో యూరియా వెయ్యం. 2004 మే 14న ఉచిత కరెంటు సంతకం అయింది, బోరు ఉన్నవాళ్ళకి పెద్ద మేలు, మనది వానాధారం. 2008 కేంద్ర బడ్జెట్లో రైతుల అప్పు మాఫీకి 60,000 కోట్లు ప్రకటించారు. మాఫీ అయ్యింది బ్యాంకు అప్పు. సావుకారు అప్పుకి మాఫీ లేదు, పట్టా లేనివాడికి బ్యాంకు అప్పే లేదు. 2014లో రాష్ట్రం ఇంటికి లక్షన్నర వరకు రుణమాఫీ అంది, మళ్ళీ అదే కథ. ఇవన్నీ తప్పు పథకాలని మేము అనడం లేదు. కింద మైదానంలో అప్పులతో చనిపోతున్న రైతుకి అవి కావాలి. కానీ ఒక్కటీ కొండెక్కేలా రాయలేదు.

మనకి ఐటీడీఏ ద్వారా ఏమీ రాలేదా అని అడుగుతారు. వచ్చాయి. ఎద్దులు, ఆయిల్ ఇంజన్లు, జీడి మొక్కలు, పైపులు. సీతంపేట చుట్టూ కొండలమీద ఇవాళ జీడితోటలు కనిపిస్తున్నాయంటే అందులో ఐటీడీఏ పాత్ర ఉంది, అది కాదనలేం. అయితే అక్కడ డబ్బు మన చేతికి రాదు, వస్తువు వస్తుంది, ఏ వస్తువు అన్నది వాళ్ళే నిర్ణయిస్తారు. ఏ రైతు ఏం కొనుక్కోవాలో రైతే చూసుకుంటాడని డబ్బు నేరుగా ఖాతాలో వెయ్యడం ఈ మధ్య మాట.

ఇప్పుడు అటవీ హక్కుల చట్టం. 2006 డిసెంబరులో పార్లమెంటు చేసింది, 2008 జనవరి 1న నియమాలొచ్చాయి. 2005 డిసెంబరు 13కి ముందు నుంచి సాగులో ఉన్న అడవి భూమికి, ఇంటికి 4 హెక్టార్ల వరకు హక్కు. అమ్మడానికి వీల్లేదు, వారసులకి వస్తుంది. పెళ్ళయినవాళ్ళకి భార్యాభర్తలిద్దరి పేరునా ఇవ్వాలి. మన గ్రామసభే మొదట తేల్చాలి. రుజువుకి ప్రభుత్వ కాగితాలే అక్కరలేదు, ఊరి పెద్దలు రాసిచ్చిన వాంగ్మూలం కూడా పనికొస్తుంది, చేసిన గట్లు, చదును, పాత ఇల్లు కూడా రుజువే, కోర్టు, కేసు కాగితాలు కూడా చెల్లుతాయి.

మా తాత దగ్గర ఒక రేకు పెట్టె ఉండేది. అందులో బీడీ కట్టలు, ఓటరు కార్డు, ఇంకా ఒక చిన్న కట్ట రసీదులు. అవి పోడు కొట్టినందుకు అడవి శాఖకి కట్టిన జరిమానా రసీదులు. కట్టినప్పుడల్లా ఏడ్చుకుంటూ కట్టాడంట, ఒకసారి మేకని అమ్మి కట్టాడంట. ఎందుకు దాచుకున్నాడో తాతకే తెలీదు. సర్కారు కాగితం కదా, పారెయ్యకూడదు అనేవాడు. ఎఫ్ఆర్‌సీలో దరఖాస్తు పెట్టినప్పుడు ఒక మాస్టారు ఆ కట్ట చూసి ఇవే జత చెయ్యండి అన్నారు. ఫలానా సంవత్సరంలో ఫలానా మనిషి ఈ కొండమీద దున్నుతున్నాడని అడవి శాఖే సంతకం చేసి ఇచ్చిన రుజువు అది! తాతకి పట్టా వచ్చింది. దున్నేది సుమారు నాలుగెకరాలు, పట్టాలో రాసింది ఎకరా అరవై సెంట్లు. మిగతాది ఏమైంది అని అడిగితే కొలతలో అంతే వచ్చింది అన్నారు.

పట్టా రానివాళ్ళు, దరఖాస్తు తిరస్కరించినవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ గురించి 2019 ఫిబ్రవరి నెల చూడాలి. ఈ పోస్టులో మేము అన్నిటికంటే ఎక్కువ చెప్పాలనుకున్నది ఇదే.

ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్లో పీఎం కిసాన్ ప్రకటించారు, ఏడాదికి 6,000 మూడు విడతల్లో. ఆ రోజునే గీత గీశారు. 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి రికార్డులో పేరుండాలి, ఆ తర్వాత పేరెక్కితే అయిదేళ్ళు లెక్కలోకి రాదు, చనిపోయినవారి వారసులకి తప్ప. ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, అటవీ హక్కు దరఖాస్తులు తిరస్కరణ అయినవాళ్ళని ఖాళీ చేయించమని రాష్ట్రాలకి చెప్పింది. ఫిబ్రవరి 24న గోరఖ్‌పూర్‌లో ప్రధాని బటన్ నొక్కి మొదటి 2,000 వేశారు. దేశమంతా ఆదివాసీలు రోడ్డెక్కాక, కేంద్రమే వెళ్ళి అడిగాక, ఫిబ్రవరి 28న కోర్టు ఆ ఖాళీ చేయించే ఉత్తర్వు ఆపింది.

ఒకే నెల. ఒకే దేశం. కింద ఊళ్ళో రైతు ఫోన్‌లో 2,000 పడ్డాయని మెసేజి చూసుకుంటుంటే, కొండమీద రైతు తను ఉంటాడో పోతాడో తెలీక కూర్చున్నాడు. అప్పుడు మేము స్కూల్లో ఉన్నాం, ఇవేవీ తెలీవు. పేపర్లో పాత తేదీలు పక్కపక్కన పెట్టుకుని చూసినప్పుడు మాత్రం రూములో కాసేపు ఎవరం మాట్లాడలేదు.

మన రాష్ట్రంలో కథ కొంచెం మారింది. 2019 అక్టోబరు 15న వైఎస్సార్ రైతు భరోసా మొదలైంది, ఇంటికి ఏడాదికి 13,500. మామూలు పట్టా రైతుకి అందులో 6,000 పీఎం కిసాన్‌ది. కౌలు రైతుల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకి, ఆర్‌ఓఎఫ్‌ఆర్ పట్టా ఉన్నవాళ్ళకి మొత్తం 13,500 రాష్ట్రమే ఇస్తానంది. అడవి పట్టా కాగితాన్ని రైతు కాగితంగా ఒక డబ్బు పథకం ఒప్పుకోవడం మా ఇళ్ళల్లో అదే మొదటిసారి. 2020 అక్టోబరు 2న కొత్తగా సుమారు లక్షన్నర పట్టాలు, 3.12 లక్షల ఎకరాలకి ఇస్తున్నామన్నారు. లెక్కేస్తే తలకి రెండెకరాలు. చట్టం ఇవ్వొచ్చన్నది దాదాపు పదెకరాలు. ఏ పార్టీ గొప్ప అన్నది మా ఉద్దేశం కాదు, ఇచ్చింది ఇచ్చారని రాయాలి, తక్కువ ఇచ్చింది తక్కువని రాయాలి.

ఆ డబ్బు ఇంట్లో ఏం చేసిందో చెప్తాం. మే నెలలో 7,500, అక్టోబరులో 4,000, జనవరిలో 2,000 పడేవి. మే నెల విడతే మాకు ముఖ్యం. అంతకుముందు వర్షాకాలంలో తిండికి వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకుని, వేసవిలో జీడిపిక్కలు వాడు చెప్పిన ధరకి పోసేవాళ్ళం. ఆ 7,500 వచ్చిన ఏడాది అడ్వాన్సు తీసుకోలేదు. పిక్కలు సంతకి మోసుకెళ్ళి ఇద్దరు ముగ్గురిని అడిగి అమ్మాం. ఎన్ని రూపాయలు ఎక్కువొచ్చాయన్నది అయ్యకి సరిగ్గా గుర్తులేదు. ఆ ఏడు ఎవడింటి ముందూ నిల్చోలేదు అన్నది మాత్రం గుర్తుంది. మాలో ఒకరు హాస్టల్‌కి తెచ్చుకున్న ట్రంకు పెట్టె కూడా అందులోదే.

పక్క రాష్ట్రాలు కూడా చూడండి. తెలంగాణలో 2018 మే 10న రైతుబంధు మొదలైంది, ఎకరానికి పంటకి 4,000. రెండెకరాల మనిషికి ఏడాదికి 16,000, మన 13,500 కంటే ఎక్కువే. కానీ ఇరవై ఎకరాల వాడికి లక్షా అరవై వేలు. మా తాత ఎకరా అరవైకి అక్కడి లెక్క 12,800. మన దగ్గర ఇంటికింత అన్నారు కాబట్టి చిన్న రైతుకి నష్టం లేదు. ఒడిశాలో 2018 చివర్లో కాలియా పథకం వచ్చింది, భూమి లేని ఇంటికి కూడా మేకలకీ కోళ్ళకీ 12,500 ఇస్తామన్నారు. కొండకి ఆ పక్క గుణుపురంలో మన చుట్టాలకి, ఈ పక్క మనకి అడిగే కాగితాలు వేరు.

అమెరికాలో కూడా ఇదే జరిగిందని చదివి ఆశ్చర్యపోయాం. 1933లో అక్కడి ప్రభుత్వం పత్తి తక్కువ పండించిన రైతులకి డబ్బిచ్చింది. డబ్బు భూమి యజమానికి వెళ్ళింది. చాలామంది యజమానులు పాలుకి చేసేవాళ్ళకి వాటా ఇవ్వకుండా, సాగు తగ్గింది కదా అని వాళ్ళనే పొలం నుంచి పంపేశారు. 1934 జులైలో ఆర్కన్సా రాష్ట్రంలో టైరోంజా అనే చిన్న ఊరి దగ్గర నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు కలిపి 18 మంది కూర్చుని పాలురైతుల సంఘం పెట్టుకున్నారు. సాయం భూమి కాగితం వెంట వెళ్తే కింద చేసేవాడికి ఏమవుతుందో వాళ్ళకి మనకంటే ముందే తెలిసింది.

మన దగ్గర ఆ కింద చేసేవాళ్ళు ఎవరంటే, మందస, మెళియాపుట్టి, పాతపట్నం, మెంటాడ, శృంగవరపుకోట వైపు మన వాళ్ళు. చాలా ఊళ్ళు ఐదో షెడ్యూల్ బయట ఉన్నాయి, అక్కడ వన్ ఆఫ్ సెవెంటీ వర్తించదు. మా రూములో కౌలు భూమి అన్న తమ్ముడిది ఆ వైపే. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం కౌలు కార్డు రావాలంటే యజమాని సంతకం కావాలి, యజమాని పెట్టడు, భూమి పోతుందని భయం. దానికి తోడు 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు సీతంపేట ఐటీడీఏ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళిపోయింది. శ్రీకాకుళం జిల్లాకి సొంత ఐటీడీఏ లేకుండా పోయింది. మందస నుంచి సీతంపేట ఎంత దూరమో బస్సెక్కినవాళ్ళకి తెలుసు.

మా ఇంటి సంగతితో ఆపుతాం. తాత 2023లో చనిపోయాడు. పట్టా వారసులకి వస్తుందని చట్టంలోనే ఉంది. అయ్య ఒక ఆఫీసుకెళ్తే పట్టాదారు చనిపోయాడు కాబట్టి పేరు తీసేశాం అన్నారు. తీసెయ్యడం ఒక్కరోజులో అయ్యింది. కొత్త పేరు ఎక్కించమంటే ఇది రెవెన్యూ భూమి కాదు, వన్‌బీలో రాదు, ఆర్‌ఓఎఫ్‌ఆర్‌కి గిరిభూమి అని వేరే ఉంది, అక్కడ అడగండి అన్నారు. అక్కడ అడిగితే కుటుంబ సభ్యుల ధృవపత్రం తెమ్మన్నారు. దానికి మళ్ళీ మొదటి చోటికే. అయ్య ఇప్పటికి ఏడుసార్లు కొండ దిగాడు, దిగినప్పుడల్లా ఒకరోజు కూలి పోయింది. పట్టా మీద నాయనమ్మ ఫొటో కూడా ఉంది, తాత పక్కనే. ఆమె బతికే ఉంది. ఆమె కూడా పట్టాదారే కదా అని మాలో ఒకరు కిటికీ దగ్గర అడిగితే, అటు పక్కన ఉన్నాయన పట్టా తిప్పి చూసి, అవును, ఇది మేం చూడలేదు అన్నారు. నాయనమ్మ పేరుమీద దరఖాస్తు పెట్టి వచ్చాం. ఇంకా తేలలేదు.

కాబట్టి అందరినీ ఒకటి అడుగుతున్నాం. పండక్కి ఇంటికెళ్ళినప్పుడు పట్టా తీసి చూడండి. ఎవరి పేరుంది, ఎవరి ఫొటోలున్నాయి, ఎంత విస్తీర్ణం రాశారు, ఏ తేదీ. తాత చనిపోయి ఉంటే నాయనమ్మ పేరుందేమో చూడండి. పాత శిస్తు రసీదులు, జరిమానా రసీదులు, కేసు కాగితాలు ఉంటే రెండు పక్కలా ఫొటో తీసి దాచండి, చెదలు పట్టిన పెట్టెలో వదలకండి. ఫొటోలు గ్రూపులో పెట్టొద్దు, ఆధార్ నెంబర్లుంటాయి. ఊరి పేరు, పట్టా సంవత్సరం, దున్నేది ఎంత, పట్టాలో ఎంత, డబ్బు పడుతోందా లేదా, ఈ అయిదూ రాస్తే చాలు. మేము ఒక నోట్‌బుక్‌లో మండలం వారీగా ఎక్కిస్తున్నాం. ఇప్పటికి పదకొండు ఊళ్ళవి వచ్చాయి. భామిని, కొమరాడ, పాచిపెంట వాళ్ళవి ఒక్కటీ రాలేదు.